అంబిక కెమిస్ట్రీకే ఎందుకు పోయింది

బాగేపల్లి తాలూకు ఆఫీసు గోడవార వరసగా కూర్చునే అర్జీరాతగాళ్లలో నాది మూడో బల్ల. పేరు మునినారాయణ. ముప్పై ఏళ్లుగా ఒకే కన్నడ టైపు మిషను మీద పక్కవాళ్ల కష్టాలు కొడుతున్నాను. పొలాల పహణీలో తప్పులు, రేషన్ కార్డులు, వితంతు పింఛన్లు, పోలీసు స్టేషనుకు దూర్లు. ఫిర్యాదును మా వైపు దూరు అనే అంటారు. ఇప్పుడు చెప్పబోయే కథ నాది కాదు, అంబికది. కానీ నన్ను తప్పించి చెబితే అది అబద్ధమవుతుంది. అబద్ధాలు ఇప్పటికే చాలినన్ని రాశాను.

కాగితాలను నమ్మితే మా తాలూకాలో కడుపునొప్పిని మించిన రోగం లేదు. పురుగుల మందు తాగి పోయినా, ఉరేసుకుని పోయినా, బావిలో పడి పోయినా దూరులో ఒకటే మాట: హొట్టెనోవు తాళలారదె. అంటే కడుపునొప్పి తట్టుకోలేక. కడుపునొప్పికి శత్రువులుండరు, ఆస్తి తగాదాలుండవు, పెళ్లాం పిల్లలు పరువు పోగొట్టుకోనక్కర్లేదు. కింద ఇంకో వాక్యం తగిలిస్తే సరి, ఈ చావులో మాకు ఎవరి మీదా అనుమానం లేదు అని. అందరూ ఇంటికి పోయి స్నానాలు చేస్తారు. ఆ రెండు వాక్యాలూ ఎన్నిసార్లు కొట్టానంటే, ఒకసారి ఒక ముసలాయన బోరుబావి కరెంటు అర్జీలో కూడా వేళ్లు వాటంతటవే హొట్టెనోవు అని కొట్టేశాయి. ఆ రోజు బల్లల దగ్గర అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే నా నవ్వు మీద నాకే రోత పుడుతుంది.

అంబిక గూళూరుకు అవతల ఒక చిన్న పల్లె పిల్ల. నాన్న మునికృష్ణప్ప వేరుశెనగ, రాగి పండిస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన అన్న లక్ష్మణప్ప మాత్రం పంచాయతీలో పెద్దమనిషి. తమ్ముడు ఆంజనేయప్ప పెళ్లి చేసుకోలేదు, పూటకో అన్న ఇంట్లో తినేవాడు. అంబికను గూళూరు హైస్కూలుకు సైకిలు మీద దింపి వచ్చింది ఆ చిన్నాయనే. సైన్సు చదువుతానంటే ఆడపిల్లకెందుకని ఇల్లంతా సణుగుతున్నప్పుడు చింతామణికి తీసుకుపోయి బీఎస్సీలో, హాస్టల్లో చేర్పించి వచ్చిందీ ఆయనే.

చిన్నప్పటి నుంచి ఆ పిల్లకు ఒక అలవాటు. వాసన చూడనిదే ఏదీ నోట్లో పెట్టదు. ఊరగాయ జాడీల మీద, నూనె డబ్బాల మీద కాగితం ముక్క అంటించి, ఏ రోజు పోశారో రాసిపెట్టేది. ఇంట్లో ఎక్కిరించేవారు. ఆంజనేయప్ప మాత్రం సంతకు వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గర ఆగి, "మా అంబికకి అంటించే కాగితాలు రొన్ని ఇయ్యప్పా" అని అడిగి తీసుకుపోయేవాడు.

రెండువేల మూడు జూలైలో, అంబిక హాస్టల్లో చేరి నెల కూడా కాకముందే, ఆంజనేయప్ప చచ్చిపోయాడు.

మర్నాడు పొద్దున లక్ష్మణప్ప నా బల్ల దగ్గరికి వచ్చాడు. పక్కన హెడ్ కానిస్టేబుల్ బైరప్ప. టీ తెప్పించారు. లక్ష్మణప్ప కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. "మా ఇంట్లోనే తిన్నాడప్పా మధ్యాన్నం. సంగటి, వంకాయ పులుసు. చేదుగా ఉండాదన్నాడు. సగం తిని మిగిలింది కుక్కకేసినాడు. గంటకంతా వాంతులు. కుక్క కూడా చచ్చిపోయిండాది. దాన్ని చేన్లో పూడ్చేసినాము."

నా వేళ్లు మిషను మీదే ఉన్నాయి. బైరప్ప నా మొహంకేసి చూశాడు. నేను బైరప్ప మొహంకేసి చూశాను. ఇద్దరం టీ తాగాం.

"కుక్క సంగతి రాయాల్నా?" అన్నాను.

"కుక్కకేం దూరప్పా," అన్నాడు బైరప్ప. "ఎప్పుడూ రాసేదే రాయి. మందు డబ్బా చేన్లో దొరికిండాదని ఒక మాట వెయ్యి."

రాశాను. చాలా కాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, తట్టుకోలేక, చేనికి కొట్టే మందు తానే తాగి. ఎవరి మీదా అనుమానం లేదు. కాగితం లాగి ఇచ్చాను. లక్ష్మణప్ప వేలిముద్ర వెయ్యలేదు, చక్కగా సంతకం పెట్టాడు. నేను పెట్టలేదు. దూరు రాసినవాడి పేరు దూరు మీద ఉండదు, మా వృత్తిలో ఉన్న గొప్ప సుఖం అదే.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. లక్ష్మణప్పే విషం పెట్టాడని నేను ఇప్పటికీ అనలేను. మందు కలిపిన చేతులతో ఎవరైనా గిన్నె ముట్టుకుని ఉండవచ్చు. బోరు నీళ్ల వంతు దగ్గర అన్నదమ్ములకు మాటామాటా వచ్చిన మాట నిజం. తన రెండెకరాలూ నడిపి అన్న మునికృష్ణప్పకు రాసిస్తానని ఆంజనేయప్ప అన్న మాట కూడా నిజం. ఏది ఎంతవరకు పోయిందో తెలియదు. తెలుసుకోవడానికి దారి ఉన్న రోజున ఆ దారిని నేను రెండు వాక్యాలతో పూడ్చేశాను.

ఏడాదిన్నర తర్వాత బెంగళూరు ల్యాబు నుంచి వరది, అంటే రిపోర్టు, వచ్చింది. శవపరీక్షలో తీసిన భాగాలు సీసాలో పెట్టి పంపుతారు, వాటిలో ఏ విషముందో వాళ్లు చెబుతారు. మునికృష్ణప్ప ఆ నకలు చేత పట్టుకుని, చదివిపెట్టమని నా దగ్గరికే వచ్చాడు. సెలవులకు వచ్చిన అంబిక వెంట ఉంది. నేను కళ్లజోడు వెతుక్కునేలోపు కాగితం తానే లాక్కుని చదివింది. రెండోసారి చదివింది. మొహం చూస్తే కుళ్లిన గుడ్డు పగలగొట్టినట్టుంది.

"ఏముండాదమ్మా?" అన్నాడు నాన్న.

"ఏమీ లేదు నాయనా. పరీక్షకు పనికిరాదంట. సీసాలో ఫార్మలిన్ పోసినారంట, అది పోస్తే విషం జాడ చిక్కదు."

"అంటే?"

"ఉప్పు నీళ్లు పోయాల. మామూలు ఉప్పు. ఇంక కరగనంటాది చూడు, అంతదాకా వేసి ఆ నీళ్లు పోయాల. అంగట్లో దొరికే ఉప్పు, నారాయణప్పా! మా ఇంట్లో ఉండాది, మీ ఇంట్లో ఉండాది, ఆ ఎదురు ఓటల్లో ఉండాది. దాని బదులు చేతికి దొరికింది పోసి మూత పెట్టేసిండారు."

ఎవరు పోశారో, ఏ ఆసుపత్రో నేను చెప్పను. చెప్పినా ఒకరి పేరు బయటికి రాదు, పదిమంది మీదికి తోసుకుంటారు. అప్పుడే అటు వచ్చిన బైరప్పను అడిగితే, "ఆ పొద్దు ఉప్పు లేదేమో లేమ్మా. అయినా దూరులో మందు తాగినాడని ఉండాది కదా, ఇంక పరీక్షెందుకు?" అన్నాడు. సముదాయిస్తున్నానని అనుకున్నాడు పాపం. అంబిక కాలువ దగ్గరికి పోయి ఉమ్మేసి వచ్చింది. ఆడపిల్ల నడిబజార్లో ఉమ్మిందని పక్క బల్లవాడు మొహం చిట్లించాడు. అతనికి అంతవరకే కనిపించింది.

ఆ రోజు నుంచి ఆ పిల్లకు ఒకటే పట్టు, ఆ ల్యాబులో కూర్చోవాలని. చిన్నాయన కేసు తిరగదోడాలని కాదు. సీసాలో ఏముందో తన కళ్లతో చూసి, ఇదీ అని చెప్పగలిగే చోట ఉండాలని. మనుషులు చచ్చిపోయిన తర్వాత కూడా నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకోవడమంటే ఆమెకు ఒళ్లు జలదరించేది. ఊళ్లో అప్పటికే ఆంజనేయప్ప చావుకు మూడు కథలున్నాయి. ప్రేమ వ్యవహారమని ఒకటి, దెయ్యమని ఒకటి, నేను రాసింది ఒకటి.

రెండువేల ఆరులో బీఎస్సీ అయింది, మంచి మార్కులు. అప్పుడు మొదలైంది రభస. లక్ష్మణప్ప నా బల్ల దగ్గరే అందరి ఎదుటా బీఎడ్ అన్నాడు. "చిక్కబళ్ళాపురంలో బీఎడ్ చేస్తే ఇంటికాడినుంచే బస్సులో పొయ్యిరావచ్చు. టీచరమ్మ అంటే మర్యాద. శవాల పేగులు పిసికే చదువు మన ఇంట్లో ఎవరు చేసిండారు? రేపు ఆ చేత్తో సంగటి పెడితే ఎవరు తింటారు?" అన్నాడు. సంగటి మాట ఆయన నోటి నుంచి విన్నప్పుడు నేను మిషన్లో కాగితం సరిచేసుకుంటూ ఉండిపోయాను. మునికృష్ణప్ప అన్న ఎదుట ఎప్పుడూ నోరు మెదపడు.

ఆ పిల్ల వాళ్లతో వాదించకుండా బైరప్పను పట్టుకుంది. సీసాలు బెంగళూరు తీసుకుపోయే డ్యూటీ ఆయనదే. "నన్నూ తోడుకొని పో, ఆడ ఎవరినైనా అడగాల" అంది. బైరప్పకు కబుర్లు చెప్పే తోడు దొరికినట్టయింది. సర్కారు బస్సులో పోయారు. తిరిగొచ్చాక ఆ ప్రయాణం గురించి నాకు చెబుతూ అంబిక టీ గ్లాసు పక్కకు నెట్టేసింది. సీలు వేసిన సీసాలు రెండు గుడ్డసంచిలో. సంచి ఆయన కాళ్ల దగ్గర. సంచి మీద ఆయన టిఫిను డబ్బా. చిక్కబళ్ళాపురం దాటాక ఆకలై, డబ్బా తీసి చిత్రాన్నం తిన్నాడు. మూత మళ్లీ ఆ సంచి మీదే పెట్టాడు. "తింటావామ్మా?" అని అడిగాడట. ముందు సీటావిడ సంచిలో ఏముందంటే ఊరగాయ అన్నాడట. ఒక సీసా మూత దగ్గర తడి కూడా ఉందట.

"నాకి శవమంటే అసియ్యం లేదు నారాయణప్పా," అంది అంబిక. "బతికుండేవాళ్లంటేనే."

ల్యాబులో ఒక ఆఫీసరమ్మ పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడిందట. ఆవిడ చెప్పింది సూటిగా ఉంది. దారులు రెండు. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్సు అని వేరే చదువే ఉంది, కొన్ని ఊళ్లలోనే చెబుతారు, దానికి దూరం పోవాలి. అందులో అన్నీ కొంచెం కొంచెం వస్తాయి: వేలిముద్రలు, దస్తూరీ, నేరం జరిగిన చోటికి పోయి చూడటం, చట్టం, కోర్టులో సాక్ష్యం చెప్పే పద్ధతి. రెండోది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బెంగళూరులోనే. విషాలు చూసే విభాగంలో ఎక్కువమంది ఆ చదువు చదివినవాళ్లే. "ఉద్యోగం ప్రకటన పడినప్పుడు అందులో ఏ డిగ్రీ పేరుందో చూసుకో, కాలేజీవాళ్లు వేసే రంగుల పుస్తకం చూసి మోసపోకు. దానికన్నా ముందు నీకు మనుషులతో పని కావాలా, సీసాలతో పని కావాలా తేల్చుకో" అందట.

అంబిక రెండు అర్జీలూ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆమె మనసు ఫోరెన్సిక్ వైపే ఉంది. "సీసా వచ్చేదాకా కూర్చుంటే ఏం లాభం? చావు జరిగిండే చోటికే పోవాల. అందర్నీ అడగాల. ఎవురు ఏం చూసినారో రాసుకోవాల. ఆ పొద్దు మా ఇంటికి అట్లాంటోళ్లు ఒక్కరొచ్చుంటే?" అంది. నేనూ గట్టిగా బలపరిచాను. పేరు ఘనంగా ఉంది, దానికే పో అన్నాను. ఉద్యోగాల పత్రికలు పాతవి నా దగ్గర కట్టలుగా ఉంటాయి. నాలుగైదు తిరగేసి, రెండు చదువులకూ పనికొచ్చే ప్రకటన చూపించాను. ఆ సాయంత్రం నేను చాలా మంచివాడినని నాకే అనిపించింది.

ఫోరెన్సిక్ అర్జీతో పాటు ఒక పేజీ జతచేయాలి, ఈ చదువు ఎందుకు కోరుతున్నావని. కడపటి తేదీకి నాలుగు రోజులుంది. కెమిస్ట్రీ అర్జీలో అట్లాంటి ప్రశ్న లేదు, మార్కులు రాస్తే చాలు. మర్నాడు అంబిక ఒక్కతే వచ్చి నా ఎదుట కూర్చుంది. సంచిలో నుంచి ఒక పాత నకలు తీసింది, చిన్నాయన చావు దూరు. పక్కన తన బీఎస్సీ స్కాలర్‌షిప్పుకు నేను కొట్టిచ్చిన అర్జీ పెట్టింది.

"నీ మిషన్లో క తలకట్టు సగమే పడతాది," అంది. "రెండిట్లోనూ అట్లే ఉండాది చూడు. ఈ దూరు నువ్వే కొట్టిండేది."

చదువులో చేరకముందే ఆ పని వచ్చేసింది ఆ పిల్లకు. అవునన్నాను. లక్ష్మణప్ప చెప్పాడు, నేను కొట్టానన్నాను.

"కొట్టినందుకు ఏమీ అనను. నీ పని అది. మా పెద్దనాయన ఆ పొద్దు నోటితో ఏం చెప్పినాడో అది చెప్పు. అదే ఈ పేజీలో రాయాల నేను."

చెప్పకుండా ఉండవలసింది. లేదా మూడేళ్ల ముందే చెప్పవలసింది. ఎందుకో ఆ క్షణం నోరు దానంతటదే కదిలింది. సంగటి చేదుగా ఉందన్నాడట, సగం కుక్కకు వేశాడట, కుక్క కూడా చచ్చిందట, చేన్లో పూడ్చారట.

"కర్రోడా?" అంది. అది వాళ్ల కుక్క పేరు. "మా కర్రోడు చచ్చిపోయిండేదా? నేను హాస్టల్ నుంచి వస్తే, చిన్నాయన లేడని దిగులుపడి ఎటో పోయిండాదన్నారు. నేను రెండు దినాలు గూళూరు దాకా పోయి వెతికినాను. పెద్దనాయన కూడా నాతో వచ్చి వెతికినాడు."

పక్క బల్లవాడు ఎవరిదో పింఛను అర్జీ టకటకా కొడుతున్నాడు. తర్వాత అంబిక తన పుస్తకంలో నుంచి ఒక తెల్ల కాగితం చించి, కన్నడలో గుండ్రటి అక్షరాలతో తానే రాసింది. ఫలానా తేదీన ఫలానావారు నా ఎదుట ఈ మాటలు చెప్పారు, అందులో కుక్క చావు సంగతి దూరులో రాయలేదు, హెడ్ కానిస్టేబులు ఎదుటే ఉన్నారు. ఎక్కువ తక్కువ ఏమీ లేదు, ఎవరి మీదా నింద కూడా లేదు. ముప్పై ఏళ్లలో నేను అంత శుభ్రమైన దూరు రాయలేదు. కాగితాన్ని నా వైపు తిప్పి, కింద వేలు పెట్టి చూపింది.

"సంతకం పెట్టు నారాయణప్పా. దీన్ని జతచేస్తాను. ఎస్పీ ఆఫీసుకీ ఒకటి ఇస్తాను. ఎవురు చేసినారో నేననను. కుక్క చచ్చిందని మాత్రం ఎవురో ఒకరు చెప్పల్ల."

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. నిజంగానే తీసుకున్నాను. అప్పుడు లెక్కలన్నీ ఒక్కసారిగా తలలోకి వచ్చాయి. పంచాయతీలో లక్ష్మణప్ప మాట. స్టేషనులో బైరప్ప మాట. ఈ గోడవార బల్ల వేసుకోనిచ్చేది ఎవరు, వద్దంటే లేపించేది ఎవరు. ఇన్నాళ్లు ఎందుకు దాచావని రేపు నన్నే నిలబెట్టి అడిగితే? నేను కొట్టిన మిగతా కడుపునొప్పులన్నీ తవ్వితే? పెన్ను కింద పెట్టాను.

"చెప్పేది చెప్పినాను కదమ్మా," అన్నాను. "సంతకం అంటే... నాకి సరిగ్గా జ్ఞాపకం కూడా లేదు. కుక్క అన్నాడో, కోడి అన్నాడో."

ఈ మాట నేనన్నాను. పక్కన ఎవరూ బెదిరించలేదు, ఎవరూ అడ్డుకోలేదు. పట్టపగలు, టీ తాగి, నా బల్ల దగ్గరే కూర్చుని అన్నాను.

అంబిక అరవలేదు. ఏడవలేదు. చిత్రాన్నం డబ్బా సంగతి చెప్పిన రోజు మొహం ఎట్లా పెట్టిందో, ఇప్పుడు నన్ను చూసి అట్లాగే పెట్టింది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఫోరెన్సిక్ అర్జీ అడ్డంగా చించి నా బల్ల కింద చెత్తడబ్బాలో వేసింది. కెమిస్ట్రీ అర్జీ ముందుకు లాక్కుని, నా పెన్ను ముట్టుకోకుండా తన పెన్నుతో నింపడం మొదలుపెట్టింది.

"అదేంది, దాన్ని చించేసినావు?" అన్నాను.

"మనుషుల్ని అడిగి రాసుకొనే చదువు నాకొద్దు," అంది తల ఎత్తకుండా. "సీసా అయితే రేపు జ్ఞాపకం లేదనదు."

బెంగళూరులో ఎమ్మెస్సీ రెండేళ్లు చదివింది. చదువు అయ్యేసరికి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది, ఎస్పీ ఆఫీసు మా ఊరికి దగ్గరైంది. ఆ కాగితం ఆమె అక్కడ ఇచ్చిందో లేదో నాకు తెలియదు. ఇచ్చినా కింద సంతకం లేని కాగితం ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. రెండువేల తొమ్మిదిలో ఉద్యోగం వచ్చింది, విషాలు చూసే విభాగంలోనే. పండగలకు ఊరికి వస్తుందట. పెద్దనాయన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదట. నా బల్ల ముందు నుంచి పోతే నమస్కారం పెడుతుంది, ఆగదు.

లక్ష్మణప్ప ఇప్పుడు మా ఇంటి పిల్ల సర్కారు ఆఫీసరమ్మ అని పంచాయతీలో చెప్పుకుంటాడు. ఆ పిల్లను చూసి చుట్టుపక్కల పల్లెల్లో సైన్సు చదివే ఆడపిల్లలు పెరిగారు. తండ్రులు వాళ్లను వెంటబెట్టుకుని నేరుగా నా దగ్గరికే వస్తారు. మొన్న సోమేనహళ్ళి నుంచి ఒకాయన వచ్చాడు, కూతురు డిగ్రీ ఆఖరి ఏడాదట.

"అంబికమ్మకి ఫోరెన్సిక్ వద్దు, కెమిస్ట్రీ తీసుకోమని దారి చూపించింది నువ్వేనంట కదప్పా?" అన్నాడు చేతులు కట్టుకుని. "మా బిడ్డకీ ఒక మాట చెప్పు."

ఆ పిల్ల పుస్తకం తెరిచి, నేను చెప్పేది రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. నేను అవునని తల ఊపి, కూర్చోమన్నాను.